రంగం సీసా

ఆ ఆదివారం పొద్దున్న నగరేశ్వరరావు చెయ్యదలచుకున్న పని చాలా చిన్నది. స్నానానికి ముందే గూట్లోంచి రంగం సీసాని దించి, కడిగి, తుడిచి, హాల్లో బల్లమీద పెట్టాలి. పది గంటల బండికి విజయనగరం నుంచి యుగంధర్ అనే ఆయన వచ్చి దాన్ని చూస్తాడు. పాత గాజుసామాను చేతికిస్తే అది ఏ కాలందో, అసలుదో నకిలీదో చెప్పడంలో ఆయనకి పేరుంది. ఆయన "ఇది అసలైనదే" అనగానే కొడుకు సాయికిరణ్ ఫోన్లో వీడియో తీస్తాడు. ఆ వీడియో చుట్టాల వాట్సాప్ గ్రూపులోకి వెళ్తుంది. ఆ గ్రూపులో సాలూరులో ఉన్న అప్ప జగ్గమ్మ కూడా ఉంది. నగరేశ్వరరావుకి కావలసిందల్లా తోడబుట్టిన అప్ప ఆ వీడియో చూడడమే.

పేరుకి సీసాయే గాని అది పూలు పెట్టుకునే గాజుకూజా. చీకటిపడ్డాక ఆకాశంలా ముదురు నీలం. పొట్ట లావు, మెడ సన్నం, మూతి చుట్టూ కుచ్చుల్లా మడతలు. పొట్టమీద తెల్లపూల తీగ, అంచున బంగారు గీత. నగరేశ్వరరావు తాత యుద్ధానికి ముందు రంగూన్‌లో బియ్యం వ్యాపారం చేసేవాడు. ఈ వైపు రంగూన్‌ని రంగం అనే అంటారు. తిరిగొచ్చినప్పుడు కళింగపట్నం రేవులో ఓడ దిగుతూ, రెండు చంకల్లో రెండు సీసాలు పెట్టుకుని దిగాడట. అప్పట్నించి ఆమదాలవలసలో ఆ ఇంటివాళ్ళని రంగం షావుకార్లంటారు. తాత తరవాత బియ్యం పోయి బట్టలకొట్టు వచ్చింది గాని ఆ పేరు మారలేదు.

నగరేశ్వరరావు బళ్ళో చేరిన ఏడాదే ఒక సీసాని పిల్లి తోసేసింది. అమ్మ విజయనగరం వెళ్ళి అచ్చం అలాంటిదే వెతికి తెచ్చి జోడు కలిపింది. పక్కపక్కన పెట్టి చూసినా ఏది పాతదో ఏది కొత్తదో తెలిసేది కాదు. అమ్మ ఉన్నన్నాళ్ళూ ఎవరూ అడగనూ లేదు. ఆవిడ పోయాక అప్పకొకటి, తమ్ముడికొకటి వచ్చాయి. జగ్గమ్మ తనదాన్ని పాతచీరలో చుట్టుకుంటూ, "నాది రంగం సీసారా, నీది బజారు సీసా" అంది. సరదాకే అందో, నిజంగానే అందో గాని, మాటకి మాట పెరిగి ఆ రోజే భోజనం చెయ్యకుండా బండెక్కింది. అది జరిగి ఎనిమిదేళ్ళు. ఈ మధ్యలో ఇద్దరూ ఒకే పెళ్ళికి వెళ్ళి, రెండు వేరువేరు పంక్తుల్లో కూర్చుని, అక్షింతలు కూడా వేరువేరు దిక్కుల నుంచి వేసి వచ్చారు.

యుగంధర్ ముందురోజు ఫోన్లో ఒకటే మాట చెప్పాడు. "కడగొద్దండీ. ఉన్నదున్నట్టు ఉంచండి. కావాలంటే పొడిగుడ్డతో దుమ్ము దులపండి, అంతే."

నగరేశ్వరరావు జన్మంతా బట్టలకొట్లో కూర్చున్న మనిషి. దుమ్ముపట్టిన తాను చూపించి ఎవరికీ ఒక్క గజం అమ్మి ఎరగడు. అంచేత దొడ్లో పీట వేసుక్కూర్చుని బకెట్లో కుంకుడురసం కలిపాడు.

పైన రుద్దుతుంటే సీసా మెరిసింది. కాసేపటికి నురుగు కూడా మెరిసింది. చూస్తే అంచున బంగారు గీత సగం లేదు, ఆయన వేళ్ళకి ఉంది. గతుక్కుమని పైన రుద్దడం ఆపేశాడు. లోపల అడుగున మాత్రం ఏళ్ళ తరబడి నీళ్ళు ఎండి తెల్లగా పేరుకుపోయిన మడ్డి కనిపించింది. అది పోతే బంగారం లోటు తెలియదనిపించింది. కొబ్బరిపీచు చేత్తో పట్టుకుని, నురగతో జారుతున్న సన్నటి మెడలోంచి చెయ్యి లోపలికి దూర్చాడు. వెన్నలో వేలు దిగినట్టు మణికట్టు దాకా దిగింది.

కాసేపటికి దొడ్లోంచి కేక వినిపించింది. "కాంతం! ఒకసారిలా రా."

గొంతులో తేడా గుర్తుపట్టి భార్య వచ్చి చూసింది. "సెయ్యి తియ్యండి."

"రావట్లేదే."

"ఎట్టిన దారినే తియ్యండి."

"ఆ దారి నాకు తెలీదనుకున్నావేటి?"

కాంతం కొబ్బరినూనె పోసింది. తరవాత నువ్వులనూనె పోసింది. ఫ్రిజ్‌లోంచి ఐసుముక్కలు తెచ్చి మణికట్టు చుట్టూ రాసింది. నూనెలూ చన్నీళ్ళూ కలిసి చొక్కా తడిసింది గాని చెయ్యి కదల్లేదు. లాగినకొద్దీ మణికట్టు కందిపోయి ఉబ్బింది. నిద్రలేచి వచ్చిన సాయికిరణ్ తండ్రిని రెండువైపుల నుంచీ చూసి, "నాన్నా, సుత్తి తెమ్మంటావా?" అన్నాడు.

"తే. నా సెయ్యి ఇరగ్గొట్టు. సీసా జోలికి మాత్రం రాకు. ఈ సంగతి గుమ్మం దాటిందంటే ఇద్దరి సంగతీ సెప్తాను."

సాయికిరణ్ అరుగుమీదికి వెళ్ళి, శ్రీకాకుళంలో అద్దాలు కోసే స్నేహితుడికి గొంతు తగ్గించి ఫోను చేశాడు. "అన్నా, మెడ దగ్గర కోసేస్తే సెయ్యి బైటికొచ్చేస్తాది కదా? ... నాకూ అదే బెస్టనిపిస్తన్నాది. నాన్నే ఒప్పుకోట్లేదు. సెయ్యి పోతే పోనీ, మెడ మాత్రం కొయ్యొద్దంటన్నాడు."

ఎదురింటి నూకయ్య వేపపుల్ల నోట్లో పెట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. రైసుమిల్లులో లారీలకి లోడింగు చూసే మనిషి. ఆయన నోట్లోంచి వేపపుల్ల కింద పడింది.

"సాయిబాబూ, ఏటైనాది నాన్నకి?"

"ఏం లేదు మావా. సెయ్యి... కొంచెం..."

"ఎంతవరకూ పోనాది?"

సాయికిరణ్‌కి అబద్ధం చెప్పడం చేతకాదు. "మణికట్టు దాకా పోయింది" అని లోపలికి పారిపోయాడు.

నూకయ్య మిల్లుకి వెళ్ళేసరికి అక్కడ బస్తాలు ఎక్కించుకుంటున్న లారీల్లో ఒకటి సాలూరుది. సాలూరు నిండా లారీలే. వాటిలో నాలుగు జగ్గమ్మ అత్తవారివి. డ్రైవరు జేబులోంచి ఫోను తీశాడు.

ఇంట్లో కాంతం భర్తని వాలుకుర్చీలో కూర్చోబెట్టి, సీసాతో సహా చేతిని పెద్ద టవల్లో చుట్టింది. ఒళ్ళో పనసకాయ పెట్టుకున్నట్టు కూర్చున్నాడాయన. బండి దిగి యుగంధర్ వచ్చాక ఆయన సలహా ప్రకారం చేద్దామనుకున్నారు. యుగంధర్ కంటే ముందు వీధి వచ్చింది.

మొదట అరటిపళ్ళ హస్తంతో ఇద్దరొచ్చారు. తరవాత హార్లిక్స్ సీసాతో ఒకరు. అందరూ టవలు వైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకుని, గోడమీద గడియారాన్ని చూస్తూ కూర్చున్నారు. ఒకాయన చాలాసేపు ఆలోచించి, "ఎడం సేత్తో సంతకం నేర్చుకోడం పెద్ద కష్టం కాదండి, మా బావమరిది నేర్చుకున్నాడు" అన్నాడు. అదేమిటని నగరేశ్వరరావు అడిగేలోపు వర్తకసంఘం అధ్యక్షుడు జగన్నాధం కండువా సర్దుకుంటూ లోపలికొచ్చాడు.

"ధైర్యం వదలకండి. వచ్చే నెల్లో మన సంఘం తరఫున కృత్రిమ అవయవాల శిబిరం పెడతన్నాం. ఇప్పుడే అందరితో మాటాడి వస్తన్నాను. మొదటి చెయ్యి మీకే."

అప్పుడు అర్థమైంది నగరేశ్వరరావుకి. టవలు విప్పి చూపించేద్దామని ఎడం చెయ్యి ఎత్తాడు. ఎత్తినవాడు ఆగిపోయాడు. ఎందుకంటే అంతలో ఒక ముసలావిడ వచ్చి కుర్చీ పక్కన నేలమీద చతికిలబడి ఆయన మోకాలు పట్టుకుంది. చుట్టుపక్కల ఏదో పల్లె. పేరు గుర్తు రాలేదు గాని ముఖం ఎరిగినదే.

"నా తొలిసూరు కడుపప్పుడు జాకెట్టుగుడ్డ ఈ సేత్తోనే కొలిసి ఇచ్చినావు నాయనా. అప్పుడు నీకింకా మీసం రానేదు. మీ అమ్మ పక్కనే కూకుంది. బెత్తెడు ఎక్కువే కొలిసినావు గాని తక్కువ కొలవనేదు. ఆ సేతికేనా ఈ గతి!"

గదిలో ఇద్దరు ముగ్గురు ముక్కులు ఎగబీల్చారు. నగరేశ్వరరావుకి ఆ రోజులు గుర్తొచ్చాయి. కొట్టు గల్లా పక్కన ముక్కాలి పీటమీద అమ్మ కూర్చునేది. గజంబద్ద దాటించి బెత్తెడు వదలమని కంటితో సైగ చేసేది. తన చెయ్యి గురించి ఊళ్ళో ఇంత మంచిగా అనుకుంటున్నారని ఆయనకి ఇన్నాళ్ళూ తెలీదు. ఇంతమంది కన్నీళ్ళు పెట్టుకున్నాక, చెయ్యి ఉందమ్మా, పూలకూజాలో ఇరుక్కుందంతే అని చెప్పడానికి నోరు రాలేదు. టవలు మరికాస్త దగ్గరికి లాక్కున్నాడు.

ఆ సమయానికి యుగంధర్ వచ్చాడు. పొడుగ్గా, తెల్లచొక్కాతో, చేతిలో తోలుసంచీతో ఉన్నాడు. మెడలో నల్లతాడుకి భూతద్దం వేలాడుతోంది. వాకిట్లో అన్ని చెప్పులు చూసి ఏదో జరగరానిది జరిగిందనుకుని గొంతు తగ్గించి, "విజయనగరం నుంచి చూడ్డానికొచ్చానండీ" అన్నాడు.

"డాక్టరు గారొచ్చినారు, తప్పుకోండి!" అని నూకయ్య దారి చేశాడు.

యుగంధర్‌నీ నగరేశ్వరరావునీ పక్కగదిలోకి తీసుకెళ్ళి, సాయికిరణ్ కూడా లోపలికొచ్చాక కాంతం తలుపు దగ్గరగా వేసింది. టవలు తీసింది. యుగంధర్ సీసానీ చేతినీ మార్చి మార్చి చూశాడు. తరవాత సంచీలోంచి టార్చి తీశాడు. గదిలో మాటలు తలుపు సందులోంచి వస్తున్నాయి. జగన్నాధం తలుపుకి చెవి ఆనించి, విన్నది విన్నట్టు వెనక ఉన్నవాళ్ళకి అందించసాగాడు.

"ఎందుకు కడిగారండీ? ఫోన్లో అంత చెప్పాను కదా!"

"కడక్కూడదట" అన్నాడు జగన్నాధం.

"లోపల తెల్లపొర పట్టేసింది. ఇది కడిగితే పోయేది కాదు."

"కడిగినా పోదట."

"అడుగున మచ్చ ఉండాలి. వెనక్కి తిప్పండి, చూస్తాను. ... ఇలాంటి స్థితిలో నేనేమీ చెప్పలేను. చెయ్యి తీసేస్తేనే గాని తెలీదు."

జగన్నాధం వెనక్కి తిరిగాడు. ఆయన ఏమీ చెప్పనక్కరలేకపోయింది. ముసలావిడ అప్పటికే శోకం మొదలుపెట్టింది.

సరిగ్గా అప్పుడే వీధిలో లారీ హారను గట్టిగా మోగింది. ఖాళీ లారీ ఒకటి గేటు దాకా వచ్చి ఆగింది. ముందు తలుపు తెరుచుకుని జగ్గమ్మ దిగింది. జుట్టు ముడి ఊడిపోయింది, కాళ్ళకి చెప్పుల్లేవు, చంకలో దుప్పటి మూట. ఎవరినీ చూడకుండా, దారిలో ఉన్న జగన్నాధాన్ని మోచేత్తో పక్కకి నెట్టి, తలుపు తన్నుకుని గదిలోకి వచ్చింది. కాంతం వెంటనే తలుపు మళ్ళీ వేసింది.

"ఒరే నగరేసూ! ఏటైపోనాదిరా నీ సేతికి! ఇదిగో, ఇది నువ్వే ఉంచుకో. రెండూ నీవే. నాకే సీసా వొద్దు. నీ సెయ్యి బాగుంటే సాలురా..."

మూట మంచమీద పడేసి తమ్ముణ్ణి కావలించుకోబోయి ఆగింది. నీలం సీసా చూసింది. సీసాలోకి వెళ్ళిన చేతిని చూసింది. కన్నీళ్ళు కారుతుండగానే పెదవి వంకర తిరిగింది. కాంతం తల దించుకుంది.

"ఇదా?" అంది జగ్గమ్మ.

"ఇదే అప్పా" అన్నాడు నగరేశ్వరరావు. ఎనిమిదేళ్ళ తరవాత అప్పతో ఆడిన మొదటి మాట అది.

జగ్గమ్మ పమిటతో ముఖం తుడుచుకుని, మంచమీద కూర్చుని, సీసా మూతి దగ్గర తమ్ముడి మణికట్టుని వేళ్ళతో తడిమింది. "గుప్పిట ఇప్పు."

"ఇప్పితే ఎలాగ?"

"ఏటుంది గుప్పిట్లో?"

నగరేశ్వరరావు యుగంధర్ వైపు ఓరగా చూసి గొంతు తగ్గించాడు. "కొబ్బరిపీసు. వొదిలేస్తే లోపలుండిపోతాది. ఆయనొచ్చి చూస్తే బాగోదని..."

గాజు ముదురు నీలం, దానికి తోడు తెల్లపొర కావడంతో లోపల గుప్పిట్లో ఏముందో పొద్దుట్నించీ ఎవరికీ కనపడలేదు. ఎవరూ అడగనూ లేదు. కాంతం నుదురు కొట్టుకుంది.

"సిన్నప్పుడు బెల్లం జాడీలో సెయ్యెట్టి ఇలాగే కూకున్నావు" అంది జగ్గమ్మ. "ముక్క వొదలవు, సెయ్యి రాదు. వీధి వీధంతా వొచ్చి చూసి పోయింది. అమ్మ ఏం సేసిందో గుర్తుందా?"

"చక్కిలిగిలి ఎట్టింది" అన్నాడు.

జగ్గమ్మ అదే చేసింది. అరవై దాటిన నగరేశ్వరరావు మంచమీద మెలికలు తిరిగి కీచుమన్నాడు. బయట శోకం ఆగి, దాని స్థానంలో భయంకరమైన నిశ్శబ్దం ఏర్పడింది. గుప్పిట విడిపోయి, చెయ్యి 'టప్'మని బయటికి వచ్చింది. సీసా మంచమీదే దొర్లి దిండుకి ఆనుకుంది.

ఆనందించడానికి యుగంధర్ ఎవరికీ వ్యవధి ఇవ్వలేదు. పొద్దుట్నించీ ఆగిన మనిషి. పీచు బయటికి తీసి, సీసాని కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి, వెలుతురులో తిప్పి చూశాడు. అంచున మిగిలిన బంగారు గీతమీద వేలు తడిచేసి రుద్దాడు. వేలు పసుపుపచ్చగా అయింది.

"పాత పనిలో బంగారాన్ని కొలిమిలో కాల్చి పట్టిస్తారండీ. కుంకుడురసానికి రాదు. ఇది పైపూత. మూతి దాకా ఇదిగో, గోరు పెడితే గీత తగులుతుంది. అచ్చులో పోసినప్పుడు పడ్డ అతుకు. ఊది చేసినదైతే అడుగున గొట్టం విరిచిన మచ్చ ఉండాలి, దీనికి లేదు. మనవైపే బజార్లో అమ్మినది. అసలుది కాదు."

నగరేశ్వరరావు కందిన మణికట్టు నిమురుకుంటూ కూర్చున్నాడు. వీడియో తీయడానికి ఫోను పట్టుకున్న సాయికిరణ్ మెల్లిగా ఫోను దించాడు. జగ్గమ్మ దుప్పటి విప్పుతూ, "సెప్పానా! నాదే..." అని మొదలుపెట్టి, తమ్ముడి ముఖం చూసి మాట మింగేసింది. ఆమె సీసామీద బంగారు గీత చెక్కుచెదరకుండా ధగధగలాడుతోంది. ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా నీళ్ళు తగలనివ్వలేదు మరి.

యుగంధర్ దాన్ని అందుకుని, వేలు తడిచేసి రుద్దాడు. ఆ వేలు కూడా పచ్చబడింది. మూతి పక్కన గోరు పెట్టి చూశాడు. రెండింటినీ పక్కపక్కన పెట్టి గోటితో ఒక్కోదాన్నీ కొట్టాడు. 'టక్' మంది ఒకటి. 'టక్' మంది రెండోది.

"రెండూ ఒకే అచ్చువండీ. ఒకే దుకాణంలో కొన్నా ఆశ్చర్యం లేదు."

జగ్గమ్మ తన సీసాని మళ్ళీ గోటితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుంది. మళ్ళీ కొట్టింది.

"తాత ఇలాగే కొట్టీవోడు" అంది నెమ్మదిగా. "కళ్ళు పోయినాక రోజూ సాయంత్రం గూటి దగ్గరికెళ్ళి, రెండింటినీ తడిమి, గోటితో కొట్టి ఇనీవోడు. రంగం రేవులో ఓడ గంట మోగుతున్నాది పిల్లా, ఇను అనీవోడు. నిజంగానే మోగీది. 'ఖంయ్' మని వీధి దాకా. ... పిల్లి తోసినాక కొన్నాళ్ళకి ఒకనాడు అడిగినాడు. గంట మోగట్నేదేటే కోడలా అని. అమ్మ పొయ్యి దగ్గర్నుంచి కదల్నేదు. మీ సెవులు మందగించినాయి మావయ్యా అంది."

"నేనున్నాను అప్పుడు" అన్నాడు నగరేశ్వరరావు. "తాత నవ్వినాడు. వయసైపోయిందిలే అని నవ్వి కూర్చున్నాడు."

"అమ్మ విజయనగరం ఎల్లినప్పుడు స్టేషనుకి నానే తోడెల్లి బండెక్కించినాను. సేతిలో ఒక మూట ఉంది. వొచ్చినప్పుడు రెండున్నాయి. సిన్నదాన్ని, ఆలోచించనేదు."

అన్నీ కలిపి చూస్తే లెక్క అందరికీ తేలింది. మిగిలినదానికి విజయనగరంలో జోడు దొరకలేదు. ఒంటిసీసా ఇంట్లో ఉంటే, గూటి దగ్గరికి వెళ్ళిన ముసలాయన చేతికి రెండోది తగలదు, పగిలిందని తెలిసిపోతుంది. అందుకని మిగిలిన అసలుదాన్ని దుకాణంవాడికి ఇచ్చేసి, ఒకలాంటివి రెండు తెచ్చింది. నలభై మైళ్ళ అవతల కోడలు అంత బేరం చేసి వచ్చిందని ఆయనకి చివరిదాకా తెలీదు. లేక తెలిసే నవ్వాడో.

జగ్గమ్మ ముందు నవ్వింది. తరవాత నగరేశ్వరరావు నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఇద్దరూ కళ్ళు ఒత్తుకున్నారు. కాంతం కాఫీ పెట్టడానికి వెళ్ళింది.

తలుపు తీసి నగరేశ్వరరావు రెండు చేతులూ జోడించి అందరికీ నమస్కారం పెట్టాడు. హాల్లో కోలాహలం లేచింది. ముసలావిడ ఆ చేతిని అటూ ఇటూ తిప్పి, వేళ్ళు లెక్కపెట్టుకుని వెళ్ళింది. జగన్నాధం సంతోషించాడు గాని, శిబిరానికి మొదటి పేరు మళ్ళీ వెతకాలి కదా అన్న దిగులు ఆయన ముఖంలో కనిపించింది. యుగంధర్ హస్తవాసి గొప్పదని నూకయ్య చెప్పగా, భోజనం పెట్టించుకుని బండెక్కేలోపు ఆయన ముగ్గురి మోకాళ్ళు చూడాల్సి వచ్చింది. మోకాళ్ళని కడగొద్దని మాత్రం చెప్పాడు.

సాయంత్రం లారీ ఎక్కుతూ జగ్గమ్మ తన సీసాని గూట్లో తమ్ముడి సీసా పక్కన పెట్టింది. "అమ్మ తెచ్చిన జోడు. ఇడదియ్యకూడదు. నీ దగ్గిరే ఉండనీ."

"పెద్దదానివి, నీ దగ్గిరుండాల" అన్నాడు నగరేశ్వరరావు.

"ఇచ్చింది తీసుకోవేటిరా?"

"నువ్వు మాత్రం తీసుకున్నావేటి?"

ఆమె చెప్పిందే సాగింది, లారీ కదిలేదాకా. మర్నాడే నగరేశ్వరరావు రెండు సీసాలనీ గడ్డిలో సర్ది, అట్టపెట్టెలో పెట్టి, మిల్లు దగ్గర సాలూరు లారీ డ్రైవరు పక్కసీట్లో కూర్చోబెట్టి పంపించాడు. వారం తిరక్కుండా పెట్టె అలాగే వెనక్కి వచ్చింది, పైన కొత్త తాడుతో. దాన్ని మళ్ళీ పంపించాడు. అది మళ్ళీ వచ్చింది. ప్రతిసారీ పెట్టె చేరిందో లేదో కనుక్కోడానికి ఒకరు, చేరిందని తిట్టడానికి ఒకరు ఫోను చేసుకుంటున్నారు. ఒకసారి ఆ మాటలు బెల్లం జాడీ దగ్గర మొదలై, అమ్మ వంటల మీదుగా వెళ్ళి, కాంతం మూడుసార్లు భోజనానికి పిలిచేదాకా సాగాయి.

జోడు ప్రస్తుతం బొబ్బిలి దరిదాపుల్లో ఎక్కడో ఉంది.